పేలుడు మందు లేని రోజే బల్బు వెలిగింది, మంచిదైంది

ప్రశ్న: గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మేము ఆరుగురం కలిసి జాతీయ స్థాయి విద్యార్థుల పోటీకి రాకెట్ తయారు చేస్తున్నాము. 75 మిల్లీమీటర్ల ట్యూబు, కిలోమీటరు ఎత్తు లక్ష్యం. పారాచూట్లను విడుదల చేసే బోర్డు మా సొంతం: ఈఎస్‌పీ32 ప్రాసెసర్ చిప్, బీఎంపీ280 పీడన సెన్సర్, స్విచ్‌ల్లా పనిచేసే రెండు మోస్‌ఫెట్లు. పోయిన వారం ఈ-మ్యాచ్‌ల (కరెంటు అందగానే అంటుకుని మందును రాజేసే చిన్న వత్తుల) బదులు చిన్న బల్బులు పెట్టి చూస్తున్నప్పుడు, బోర్డు ఉన్న అరను (చిన్న పెట్టెను) ట్యూబులోకి తోస్తుండగా, శిఖరం దగ్గర తెరుచుకోవలసిన మొదటి, చిన్న పారాచూట్ బల్బు దానంతట అదే వెలిగింది. "కోడ్‌లో కాస్త ఆలస్యం పెట్టు, సరిపోతుంది" అంటున్నాడు మా సీనియర్. స్విచ్ బోర్డు మీదే ఉంది కాబట్టి దాన్ని వేసి, ట్యూబు మూసి, ప్రయోగ ప్యాడ్ దగ్గరకు మోసుకెళ్లాలని అనుకుంటున్నాము. పారాచూట్‌ను బయటికి నెట్టడానికి దీపావళి బాంబుల్లోని మందు తీసి వాడదామని కూడా అంటున్నారు. నాకు భయంగా ఉంది. ఆ మాట చెబితే నవ్వుతున్నారు. ఏం చేయాలి?
— ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: మీ భయానికి కారణం ఉంది. ఆ బల్బు ఉన్నచోట ఈ-మ్యాచ్, దాని చుట్టూ మందు ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. అరను తోస్తున్నవారి చేతులు ట్యూబు మీద ఉన్నాయి, ముఖం దాని మూతికి ఎదురుగా ఉంది. నవ్వేవాళ్లకు ఇంతకన్నా చెప్పనవసరం లేదు. మీకు మాత్రం బల్బు ఎందుకు వెలిగిందో చెప్పాలి, ఎందుకంటే మీ సీనియర్ చెప్పిన చికిత్స రోగానికి తగినది కాదు.

నేల దగ్గర గాలి పీడనం సుమారు 1,01,300 పాస్కల్‌లు. పైకి వెళ్లే కొద్దీ మీటరుకు ఇంచుమించు 12 పాస్కల్‌ల చొప్పున తగ్గుతుంది. మీ సెన్సర్‌కు తెలిసింది పీడనం ఒక్కటే. దాన్ని ఎత్తుగా మార్చి చెప్పేది మీ కోడ్. పీడనం తగ్గుతూ ఉంటే రాకెట్ పైకి పోతోందని, తిరిగి పెరగడం మొదలైతే శిఖరం దాటి దిగుతోందని అనుకుంటుంది. ఇప్పుడు బిగువుగా కూర్చునే అరను ట్యూబులోకి తోయండి. లోపలి గాలికి వెంటనే బయటపడే దారి ఉండదు, నలుగుతుంది. ఆ గాలి ఘనపరిమాణం ఒక్క శాతం తగ్గినా పీడనం వెయ్యి పాస్కల్‌లు పెరుగుతుంది. వెయ్యిని పన్నెండుతో భాగించండి. బల్ల మీద కదలకుండా ఉన్న రాకెట్ ఒక్క క్షణంలో 80 మీటర్లకు పైగా కిందికి పడిపోయిందని మీ బోర్డు నమ్మింది. నమ్మి, తనకు అప్పగించిన పని తాను చేసింది. బోర్డు తప్పేమీ లేదు.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. రాకెట్ ఎగిరిందని తేలాకే కదా శిఖరం కోసం వెతకాలి, ఎగరకుండానే ఎలా దిగింది? మీ కోడ్‌లో ఆ షరతు అసలు లేకపోయి ఉండవచ్చు. ఉన్నా, "ఎత్తు 30 మీటర్లు దాటితే ఎగిరినట్టే" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టి ఉండవచ్చు. అలా అయితే ఆ షరతు కూడా బల్ల మీదే తీరిపోతుంది. అర సరిగ్గా కూర్చోలేదని ఒకసారి వెనక్కి లాగారనుకోండి. లాగినప్పుడు లోపల పీడనం పడిపోతుంది: ఎగిరింది. మళ్లీ తోశారు: దిగుతోంది. పూర్తి ప్రయాణం చేతుల్లోనే ముగిసింది. గదిలో తలుపు గట్టిగా మూసినా, ఆరుబయట ఈదురుగాలి వచ్చి అరకున్న గాలి రంధ్రాలకు తగిలినా చిన్న మోతాదులో ఇదే జరుగుతుంది.

కాబట్టి ఎగిరిందని తేల్చడానికి రెండు సాక్ష్యాలు కావాలి. యాక్సిలరోమీటర్ (త్వరణాన్ని కొలిచే సెన్సర్) ఒకటి చేర్చి, రాకెట్ పొడవు దిశలో త్వరణం కొన్ని పదుల నమూనాల (వరుస కొలతల) పాటు ఆగకుండా ఉంటేనే, దానితోపాటు ఎత్తు కూడా పెరిగితేనే ఎగిరినట్టు లెక్కించండి. ఒక్క నమూనా చూసి ఎప్పుడూ నిర్ణయం తీసుకోవద్దు. మీ సీనియర్ చెప్పిన ఆలస్యం విషయానికి వస్తే, అది బల్బు వెలగడాన్ని ఆపదు, వాయిదా వేస్తుంది. రెండు సెకన్ల ఆలస్యం పెడితే రెండు సెకన్ల తరువాత వెలుగుతుంది. అప్పటికి ట్యూబు ఎవరి ఒడిలో ఉంటుందో మరి.

అయితే నేను చెప్పదలచుకున్న అసలు విషయం కోడ్ గురించి కాదు. మీ కోడ్ ఎంత గొప్పగా ఉన్నా, ఆ రాకెట్ మనుషుల చేతుల్లో ఉన్నంతసేపు వారిని కాపాడేది కోడ్ కాకూడదు. రాకెట్ ప్యాడ్ మీద నిలువుగా నిలబడేదాకా బ్యాటరీకీ ఈ-మ్యాచ్‌కీ మధ్య తీగ నిజంగానే తెగి ఉండాలి. లోహానికీ లోహానికీ మధ్య గాలి ఉండాలి. ఇది నా సొంత చాదస్తం కాదు. అమెరికాలో దశాబ్దాలుగా పెద్ద రాకెట్లు ఎగరేస్తున్న ఔత్సాహికుల జాతీయ సంఘం భద్రతా నియమావళిలో కూడా ఇదే ఉంది: రాకెట్‌లోని పేలుడు పదార్థాలు, వాటిని రాజేసే సర్క్యూట్లు, రాకెట్ ప్రయోగ స్థితిలోకి వచ్చేదాకా పనిచేయని విధంగా ఉంచాలి. ట్యూబు మూసేముందు స్విచ్ వేసి, బతికున్న బోర్డును మైదానం పొడవునా మోసుకెళ్లాలన్న మీ పథకం ఈ నియమానికి సరిగ్గా తలకిందులు.

అందుచేత మొదటి మార్పు స్విచ్. అది బయటి నుంచి, ట్యూబు మూసి ఉండగానే తిప్పగలిగేలా ఉండాలి. ట్యూబుకు చిన్న రంధ్రం చేసి సన్నని స్క్రూడ్రైవర్‌తో తిప్పే స్క్రూ స్విచ్ చాలా జట్లు వాడతాయి, చవక, నమ్మకం. ఇంకొకటి పిన్ను పద్ధతి: పిన్ను లోపల ఉన్నంతసేపు సర్క్యూట్ తెగి ఉంటుంది, లాగితే కలుస్తుంది. పిన్నుకు ఎర్ర రిబ్బను కట్టండి, దూరం నుంచి కూడా కనబడుతుంది. గోడ స్విచ్‌లా టక్కున పడే సాధారణ టోగుల్ స్విచ్ వద్దు, పైకి దూసుకెళ్లే ఊపుకు దానంతట అదే పడిపోగలదు. రెండు తీగలను బయటికి వదిలి చేత్తో మెలిపెట్టే పద్ధతీ వద్దు. వణుకుతున్న వేళ్లతో, ఎండలో, ఈ-మ్యాచ్‌కు అడుగు దూరంలో చేయదగిన పని కాదది. స్విచ్ ఏదైనా బ్యాటరీ ధన తీగలోనే ఉండాలి. మీ మోస్‌ఫెట్లు బహుశా రుణ వైపు ఉన్నాయి. అంటే ఈ-మ్యాచ్ ఒక కాలికి ఎప్పుడూ ధన విద్యుత్తు అంది ఉంటుంది, రెండో కాలు ఏ స్క్రూకో తగిలి గ్రౌండ్‌కు కలిస్తే చాలు, మోస్‌ఫెట్‌తో పని లేకుండానే అంటుకుంటుంది. ట్యూబు కార్బన్ ఫైబర్‌దైతే ఇంకా జాగ్రత్త, అది విద్యుత్ వాహకం.

ఇక బోర్డు. ఈఎస్‌పీ32లో 5, 14, 15 లాంటి కొన్ని పిన్నులు చిప్ లేచే క్షణంలో, మీ కోడ్ ఇంకా మొదలు కాకముందే, తమంతట తాము సిగ్నల్ ఇస్తాయి. మోస్‌ఫెట్ గేటును (దాన్ని తెరిచే కాలును) వాటిలో దేనికి కలిపినా స్విచ్ వేసిన మరుక్షణం పేలుతుంది. పిన్ను మార్చండి. గేటుకూ గ్రౌండ్‌కూ మధ్య 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ తప్పకుండా ఉండాలి, చిప్ నిద్రలో ఉన్నప్పుడు కూడా గేటు నేలకు అంటిపెట్టుకుని ఉండేందుకు.

దీనికన్నా మోసపుచ్చే లోపం మరొకటుంది, చాలా జట్లు మైదానంలో గానీ దాన్ని కనుక్కోవు. కాలిన ఈ-మ్యాచ్ ఒక్కోసారి తెగిపోకుండా రెండు కాళ్లూ అతుక్కుపోతుంది. అప్పుడది బ్యాటరీని అడ్డంగా కలిపేసినట్టే. వోల్టేజి ఒక్కసారి కుంగుతుంది, ప్రాసెసర్ తిరిగి మొదలవుతుంది. అప్పుడు రాకెట్ ఎక్కడుంది? వెయ్యి మీటర్ల పైన, చిన్న పారాచూట్‌తో దిగుతూ. లేచిన బోర్డు అదే నేల అనుకుని, ఎత్తు సున్నా అని రాసుకుని, ప్రయోగం కోసం ఓపికగా ఎదురుచూస్తుంది. పెద్ద పారాచూట్ ఇక తెరుచుకోదు. విరుగుడు కష్టం కాదు. ఈ-మ్యాచ్‌లకు విడిగా బ్యాటరీ, ప్రాసెసర్‌కు విడిగా బ్యాటరీ పెట్టండి. మోస్‌ఫెట్‌ను ఒక సెకను మించి తెరిచి ఉంచవద్దు. నేల పీడనాన్నీ, ప్రయాణం ఏ దశలో ఉందో ఆ గుర్తునూ ఫ్లాష్ మెమరీలో రాసి, లేవగానే మొదట దాన్ని చదవమని చెప్పండి. ఎగురుతున్న స్థితిలో రీసెట్ అయిందని తెలిస్తే వెనక్కి వెళ్లి కొత్త సున్నా పెట్టుకోదు. అయితే నిన్నటి పరీక్ష గుర్తు నేటి ప్రయోగంలో మిగిలిపోకుండా చెరిపే పద్ధతి కూడా ఉండాలి, లేకపోతే ప్యాడ్ మీదే "దిగుతున్నాను" అంటుంది.

బ్యాటరీ గురించి రెండు మాటలు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ 45 గ్రాముల దాకా ఉంటుంది. 15 రెట్ల గురుత్వ త్వరణంతో లేచేటప్పుడు అదే దాదాపు 700 గ్రాముల బరువుతో తన కనెక్టర్‌ను లాగుతుంది. స్ప్రింగు ఉన్న హోల్డర్‌లో సెల్‌ను రాకెట్ పొడవు దిశలో పెడితే స్ప్రింగు నొక్కుకుపోయి కరెంటు ఒక్క మిల్లీసెకను పోవచ్చు, అది చాలు. బ్యాటరీని ప్లాస్టిక్ టైలతో బిగించండి, కొత్తది వాడండి. నిన్న పరీక్షకు వాడినది మల్టీమీటర్‌లో పెట్టుకోవచ్చు.

అరకు గాలి ఆడే రంధ్రాలు మూడు, చుట్టూ సమాన దూరంలో, అంచులు నున్నగా ఉండాలి. మీ 75 మిల్లీమీటర్ల ట్యూబులో అర 20 సెంటీమీటర్ల పొడవుంటే ఒక్కొక్కటి రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు సరిపోతుంది. నోస్ కోన్‌కు (రాకెట్ ముందు మొనకు) మరీ దగ్గరగా, ఏదైనా పొడుచుకొచ్చిన భాగానికి వెనుకగా వేయవద్దు. అక్కడ గాలి సుడులు తిరుగుతుంది. ఆ రంధ్రంలోంచి ఎండ నేరుగా సెన్సర్ మీద పడకూడదు. ఇలాంటి పీడన సెన్సర్లు వెలుతురుకు కూడా స్పందిస్తాయి, రాకెట్ తిరుగుతుంటే ఎండ పడినప్పుడల్లా ఎత్తు గెంతుతుంది. సెన్సర్ మీద నల్లని స్పంజి ముక్క వదులుగా కప్పండి. అరకూ పారాచూట్ గదికీ మధ్య గోడలో తీగలు దూరిన రంధ్రాలను మాత్రం గట్టిగా మూసేయాలి. లేదంటే మొదటి పారాచూట్‌ను నెట్టిన పీడనం అరలోకి వచ్చి, రాకెట్ ఉన్నట్టుండి నేలకు దిగిపోయిందని చెప్పి, పెద్ద పారాచూట్‌ను కూడా పైనే తెరిపిస్తుంది. కిలోమీటరు ఎత్తులో పెద్ద పారాచూట్ తెరుచుకుంటే సెకనుకు 5 మీటర్ల చొప్పున దిగడానికి 200 సెకన్లు పడుతుంది. అంతే వేగంతో గాలి ఉంటే కిలోమీటరు కొట్టుకుపోతుంది. రెండు దశల్లో, చిన్న దానితో 200 మీటర్ల దాకా వేగంగా దిగి, అక్కడ పెద్దది తెరిస్తే అందులో సగం కూడా పోదు.

యాక్సిలరోమీటర్ పెట్టమన్నాను కదా, దాని దిశ గురించి ఒక హెచ్చరిక. సౌర పవన కణాలను మోసుకొచ్చిన నాసా వారి జెనెసిస్ గుళిక 2004 సెప్టెంబరు 8న యూటా ఎడారిలో గంటకు 300 కిలోమీటర్లకు పైగా వేగంతో నేలను గుద్దుకుంది. పారాచూట్ తెరుచుకోలేదు. వేగం తగ్గడాన్ని పసిగట్టే స్విచ్‌లు డిజైన్ డ్రాయింగులోనే తలకిందులుగా ఉన్నాయి, అలాగే బిగించారు. అంత పెద్ద సంస్థలో, అన్ని తనిఖీలు దాటి. మీ బోర్డు మీద పైకి ఏదో, కిందికి ఏదో శాశ్వత మార్కర్‌తో బాణం గీయండి. ఆ తరువాత చేత్తో పట్టుకుని ఒక్కసారి పైకి ఊపి, అంకె ఏ వైపు మారుతుందో ఇద్దరు విడివిడిగా చూసి రాయండి.

పరీక్షకు వాక్యూమ్ పంపు లేదని బాధపడనక్కర్లేదు. లీటరు పట్టే మందపాటి ప్లాస్టిక్ డబ్బా, మందుల దుకాణంలో దొరికే 50 మిల్లీలీటర్ల సిరంజి, సన్నని గొట్టం చాలు. మూతకు గొట్టం బిగించి గాలి పోకుండా జిగురు వేయండి. బోర్డును లోపల పెట్టి ఈ-మ్యాచ్‌ల స్థానంలో వినాయక చవితి పందిళ్లకు కట్టే సీరియల్ లైట్ల బల్బులు రెండు పెట్టండి. సిరంజిని మెల్లగా పూర్తిగా లాగితే డబ్బాలో పీడనం దాదాపు 4,800 పాస్కల్‌లు తగ్గుతుంది, అంటే బోర్డు లెక్కలో 400 మీటర్లు. లాగుతున్నంతసేపు ఏ బల్బూ వెలగకూడదు. ఆపి, మెల్లగా వదలడం మొదలుపెట్టగానే మొదటిది, మీరు నిర్ణయించిన 200 మీటర్ల దగ్గర రెండోది వెలగాలి. యాక్సిలరోమీటర్ షరతు పెట్టాక డబ్బాలో బోర్డు ఎగిరినట్టు నమ్మదు కాబట్టి పరీక్ష కోసం దాన్ని దాటే ఆదేశం ఒకటి కావాలి. అది యూఎస్‌బీ తీగ తగిలించి ఉన్నప్పుడు మాత్రమే పనిచేయాలి. పరీక్ష కోసం తీసేసిన షరతును తిరిగి పెట్టడం మరచిపోయి ఎగరేయడం కన్నా విచారకరమైన ఓటమి ఉండదు. ఆ తరువాత మీకు బల్బు వెలిగిన పరీక్షనే మళ్లీ చేయండి: బోర్డు వెలుగుతూ ఉండగా, బల్బులతోనే, అరను ట్యూబులోకి తోసి లాగి, తోసి లాగి చూడండి. ఇరవై సార్లు వెలగకపోతే కోడ్ బాగుపడిందని ఒప్పుకుందాం. అప్పుడు కూడా స్విచ్ నియమం మారదు.

మన ఎండ గురించి విదేశీ రాకెట్ పుస్తకాలు చెప్పవు. మే నెలలో విజయవాడ ఎండలో మూసిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు. రెంటచింతల వైపు సంగతి చెప్పనే అక్కర్లేదు. మీ బోర్డు కూర్చునే చట్రం త్రీడీ ప్రింటర్‌లో పీఎల్ఏతో చేసి ఉంటే, ఆ ప్లాస్టిక్ 55 నుంచి 60 డిగ్రీల మధ్య మెత్తబడుతుంది. ప్యాడ్ మీద నల్లరంగు ట్యూబులో గంట నిలబడితే చట్రం వంగుతుంది, వేడి జిగురుతో అతికించిన తీగలు ఊడతాయి. వేడిని ఇంకాస్త తట్టుకునే పీఈటీజీ ప్లాస్టిక్‌తో గానీ పలచని ప్లైవుడ్‌తో గానీ చేయండి, ట్యూబుకు తెల్లరంగు వేయండి.

బాంబుల్లోని మందు సంగతికి వస్తున్నాను. వద్దు. ఇందులో మధ్యేమార్గం లేదు. బాంబులో ఉండేది నెమ్మదిగా కాలి నెట్టే మందు కాదు, క్షణంలో పగలడానికి కలిపిన మిశ్రమం. రెండు బాంబుల్లో కూడా ఒకేలా ఉండదు. రాపిడికి, ఒంటి మీది స్థిర విద్యుత్తుకు అంటుకోగలదు. దాన్ని విప్పుతున్న క్షణమే అన్నిటికన్నా ప్రమాదకరం. 2022 దీపావళికి ముందు విజయవాడ జింఖానా మైదానంలో బాణసంచా దుకాణాలు అంటుకుని ఇద్దరు పోయారు. 2025 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా కేంద్రం పేలి ఎనిమిది మంది పోయారు. ఆ పనిలో చేయి తిరిగినవాళ్ల మధ్యే ఇలా జరుగుతుంటే హాస్టల్ గదిలో కాగితం పరచుకుని విప్పడమా? పైగా మన దేశంలో తుపాకిమందైనా సరే, తయారీ, నిల్వ, రవాణా అన్నీ 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నియమాల కిందికి వస్తాయి. లైసెన్సులిచ్చే కేంద్ర సంస్థ నాగపూర్‌లో ఉంది. కేసు పెడితే "పోటీ కోసం" అన్న సమాధానం పనికిరాదు.

మీ పరిమాణం రాకెట్‌కు స్ప్రింగు, సర్వో మోటారు (చెప్పినంత కోణం తిరిగే చిన్న మోటారు) చాలు. నొక్కి ఉంచిన స్ప్రింగును గొళ్లెం పట్టి ఉంచుతుంది, సర్వో గొళ్లాన్ని తిప్పితే నోస్ కోన్ ఊడి పారాచూట్ బయటికి వస్తుంది. పోటీ నిబంధనలు ఒప్పుకుంటే ఇదే చేయండి. అయితే మందు లేదు కాబట్టి ప్రమాదం లేదని అనుకోవద్దు. కరెంటు అందగానే సర్వో ఒక్కసారి ఉలిక్కిపడి కదులుతుంది. ఆ ఉలికిపాటుకు గొళ్లెం వదిలితే నోస్ కోన్ ఎగిరి కంటికి తగులుతుంది. కదిలేటప్పుడు సర్వో లాగే కరెంటు కూడా ప్రాసెసర్‌ను రీసెట్ చేయగలదు. కాబట్టి దానికీ విడి బ్యాటరీ, అదే స్విచ్, దానితోపాటు గొళ్లానికి అడ్డంగా ఒక పిన్ను. స్విచ్ వేసి, సర్వో సర్దుకున్నాక పిన్ను లాగాలి.

ప్యాడ్ దగ్గర ఇద్దరు చాలు, మిగిలిన నలుగురూ భద్రతా గీత అవతల. ఒకరి చేతిలో కాగితం, ఒకరి చేతిలో స్క్రూడ్రైవర్. కాగితం ఉన్నవారు చదువుతారు, రెండోవారు చేసి "అయింది" అంటారు. ముందు రాకెట్‌ను రైల్ (ప్యాడ్ మీద దాన్ని పట్టి ఉంచే కడ్డీ) మీద ఎక్కించి నిలువుగా నిలబెట్టాలి. ట్యూబు మూతి పైన తల పెట్టకూడదు, పక్కన నిలబడాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. అప్పుడు స్విచ్. బజర్ చెప్పేది వినాలి: సాధారణంగా ఒక కూత అంటే మొదటి సర్క్యూట్ మాత్రమే కలిసి ఉంది, రెండు అంటే రెండోది మాత్రమే, మూడు అంటే రెండూ. మీ బోర్డులో కూడా ఇదే పద్ధతి పెట్టుకోండి, ఎక్కడికి వెళ్లినా అర్థమవుతుంది. మూడు కూతలు వినబడితేనే రాకెట్ మోటారును అంటించే ఇగ్నైటర్‌ను చేతిలోకి తీసుకోవాలి. అది అన్నిటికన్నా చివర. వినబడకపోతే స్విచ్ తీసి కిందికి దించాలి, అక్కడే నిలబడి విప్పి చూడకూడదు. ప్రయోగం వాయిదా పడితే వరుస తిరగబడుతుంది: ముందు ఇగ్నైటర్ బయటికి, ఆ తరువాత స్విచ్. అలసిపోయి, ఎండకు విసిగి, "ముందు దించేద్దాం పద" అనిపించేది సరిగ్గా అప్పుడే.

దిగిన తరువాతి సంగతి చాలామంది మరచిపోతారు. మన ఊళ్లలో ఆకాశం నుంచి ఏదైనా పడితే మీకన్నా ముందు పిల్లలు చేరతారు. పేలకుండా మిగిలిన ఈ-మ్యాచ్ లోపల ఉంటే బోర్డు ఇంకా బతికే ఉంటుంది, ఎవరో ఎత్తి ఊపితే ఏమవుతుందో బల్బు మీకు ముందే చెప్పింది. జట్టులో ఒకరిని ఇందుకోసమే గాలి వాలు వైపు ముందుగా నిలబెట్టండి, చుట్టుపక్కల వాళ్లకు ముందుగానే చెప్పండి. వెళ్లినవారు పక్క నుంచి చేరి, ఎత్తకముందే స్విచ్ తీయాలి. ఫోటోలు ఆ తరువాత. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు చుట్టూ ఏ ఖాళీ స్థలం చూసినా మిర్చి కల్లమే. ఎండిన మిర్చి, పత్తి, గడ్డివాములు ఉన్నచోట ఎగరేయకూడదు. పైగా ఎక్కడ పడితే అక్కడ ఎగరేసే హక్కు మీకు లేదు. ఇటు గన్నవరం విమానాశ్రయం, అటు సూర్యలంకలో వాయుసేన స్థావరం. ఇసుక తిన్నె ఖాళీగా ఉన్నంత మాత్రాన దాని మీది ఆకాశం ఖాళీ అని కాదు. పోటీ నిర్వాహకులు అనుమతులు తీసుకున్న మైదానంలో, వారిచ్చిన మోటారుతో మాత్రమే ఎగరేయండి. ఇంట్లో, కళాశాలలో మీ పని డబ్బా, సిరంజి, బల్బుల వరకే.

రాకెట్‌ను వెతకడానికి లోరా మాడ్యూల్ (దూరానికి సంకేతాలు పంపే చిన్న రేడియో) పెడుతుంటే ఒకటి చూసుకోండి. ఆన్‌లైన్‌లో దొరికే వాటిలో చాలా వాటిది 915 మెగాహెర్ట్జ్, అది అమెరికా కోసం. ఇక్కడ లైసెన్సు అవసరం లేనిది 865 మెగాహెర్ట్జ్ దగ్గరి పట్టీ.

ఇక మీ సీనియర్. అతనితో వాదించకండి, మీ భయం గురించి అసలు మాట్లాడకండి. ఇప్పుడున్న కోడ్‌నే, అతను చెప్పిన ఆలస్యం చేర్చి, డబ్బాలో పెట్టి సిరంజి అతని చేతికే ఇవ్వండి. సగం లాగి వదలమనండి. బల్బు వెలుగుతుంది, రెండు సెకన్లు ఆలస్యంగా. అది చూశాక ట్యూబుకు స్విచ్ రంధ్రం ఎక్కడ వేయాలో కొలవడానికి టేపు అతనే తీసుకొస్తాడు. తీసుకురాకపోతే ఆ స్విచ్ పడేదాకా జట్టు ప్యాడ్ దగ్గరకు వెళ్లదని మీ అధ్యాపకుడి చేత కాగితం మీద రాయించుకోండి.